మేస్త్రీ అడిగిన రెండు రాడ్లు

మొన్న మా కొట్టుకి ఉప్పు బస్తాలు తెచ్చిన లారీ డ్రైవరు, కలాసీలు బస్తాలు దింపుతుంటే గట్టు మీద కూర్చుని మాటల్లో మాటగా చెప్పాడు. "నౌపడ రోడ్డులో పంచర్లేసే ముసలాయన పోనాడండి. నాల్రోజులైంది."

నేను తూకం దగ్గరున్నాను. తలెత్తి చూశాను. అతను నా మొహం చూసి, నాకు మనిషి గుర్తురాలేదేమో అనుకున్నట్టున్నాడు. గుర్తుచేద్దామని ఇంకో మాట కలిపాడు.

"అదేనండి, ఎనకటి ఇంజన్ మేస్త్రీ. మీ లారీ ఇంజన్ పాడుసేసీసినాడంటారు, ఆయనే కదేటి?"

"ఆఁ, ఆయనే" అన్నాను.

మా నాన్న పోయి మూడేళ్ళయింది. కొట్టు నాది, ఇల్లు నాది, నన్ను అడిగేవాడు లేడు, తిట్టేవాడు లేడు. అయినా నా నోటంట వచ్చింది ఆ మాటే. డ్రైవరు తలూపి బీడీ వెలిగించుకున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం సగంలో వదిలేసి లేచాను. మా ఆవిడ ఏమైందని అడిగితే ఎండ దెబ్బ అన్నాను. అబద్ధం ఆడడంలో నాకు మొదటినుంచీ మంచి వాటం ఉంది, ఇది చదివితే మీకే తెలుస్తుంది.

ఆయన పేరు నాకు తెలుసు గానీ రాయను. ఊళ్ళో అందరికీ ఆయన మేస్త్రీ. తాపీ మేస్త్రీలు, వడ్రంగి మేస్త్రీలు చాలామంది ఉన్నా, ఉత్త మేస్త్రీ అంటే కోటబొమ్మాళి నుంచి టెక్కలి దాకా ఈయనొక్కడే. షెడ్డు లేదు, బోర్డు లేదు. ఎవరి లారీ ఎక్కడ ఆగిపోతే అదే ఆయన షెడ్డు. సైకిలు వెనక గోనెసంచిలో పానాలు కట్టుకుని వచ్చేవాడు. ఆ సంచి దించితే ఆ ఇంట్లో కనీసం వారం ఉంటాడని లెక్క.

పని అయ్యాక చేతులు కడుక్కోవడం లోకంలో ఉన్నదే. ఈయన పనికి ముందు కడుక్కునేవాడు. నూతి దగ్గర సబ్బుతో మోచేతుల దాకా రుద్ది, చెప్పులు దూరంగా విడిచి, అప్పుడు ఇంజన్ దగ్గరకి వచ్చేవాడు. "ఎందుకు మేస్త్రీ, ఎలాగూ మడ్డి అవుతాయి కదా" అంటే, "నా సేతి మీద ఇసక రేణువొకటి ఉన్నాదనుకో బాబూ, అది లోపలికెల్లి సిలిండరంతా గీరీసి ఒస్తాది" అనేవాడు.

మొదటి బోల్టు ఊడేదాకా టీ ముట్టుకునేవాడు కాదు. మాది ఉప్పు మోసే లారీ. నౌపడ ఉప్పుమళ్ళ నుంచి పల్లెలకి తోలీ తోలీ దాని ఒళ్ళంతా తుప్పు. ఒకసారి ఆ మొదటి బోల్టు మధ్యాహ్నం దాకా కదల్లేదు. మా అమ్మ అదే టీ మూడుసార్లు వేడిచేసి, విసుగొచ్చి అడిగింది.

"టీ తాగితే ఆ బోల్టుకేటైనా కోపమొస్తాదేటి మేస్త్రీ?"

"కోపం కాదమ్మా. అది రాకండా నాను తాగీసినాననుకో, దానికి లోకువైపోతాను" అన్నాడు. నవ్వకుండా అన్నాడు. తర్వాత బోల్టుతో "రా తల్లీ, రా, అమ్మగారు పిలస్తన్నారు" అని బతిమాలాడు. అది వచ్చింది. నాలుగోసారి వేడిచేసిన టీ తాగాడు.

ఒక చెవి వినపడదు. అందుకని పొడుగు స్క్రూడ్రైవరు పిడి పళ్ళ మధ్య పెట్టుకుని, కొన నడుస్తున్న ఇంజన్‌కి ఆనించి, కళ్ళు మూసుకునేవాడు. ఆ అదురు పళ్ళలోంచి ఆయనకి ఏం చెప్పేదో గానీ, కళ్ళు తెరిచి "మూడో ఇంట్లో గొడవవతన్నాది" అనేవాడు. ఇంజన్‌లోని ఆరు సిలిండర్లూ ఆయనకి ఆరిళ్ళు. ప్రతి ఇంటికీ దాని పిస్టను, దాని రాడ్డు, దాని బోల్టులు. "ఈ ఇంటి కోడలు ఆ ఇంట్లో కాపరం సెయ్యనేదు బాబూ" అని కొత్త డ్రైవర్లకి పాఠం చెప్పేవాడు.

మా నాన్న ఎవర్నీ నమ్మే రకం కాదు. బస్తా బస్తాలో చెయ్యిపెట్టి నాలుగు గింజలు కొరికి చూస్తే గానీ దింపనిచ్చేవాడు కాదు. కొడుకునని నేను కట్టిన పొట్లం కూడా విప్పి చూసిన రోజులున్నాయి. అలాంటి మనిషి, మేస్త్రీ ఒకమాట చెబితే మారుమాట్లాడకుండా సరే అనేవాడు. ఒకరి మాట మీద మా నాన్న నిశ్చింతగా ఉండడం నేను చూసింది ఆ ఒక్కరి విషయంలోనే. పని లేని మధ్యాహ్నాలు ఇద్దరూ అరుగు మీద కూర్చునేవారు. మేస్త్రీకి చుట్ట, నాన్నకి పేపరు. గంటసేపట్లో నాలుగు మాటలు కూడా ఉండేవి కావు. ఇంకో లారీ వాళ్ళెవరైనా బండి గురించి సలహాకి వస్తే, నాన్న పేపర్లోంచి తలెత్తకుండానే "మేస్త్రీ చూశాడా?" అనేవాడు. మేస్త్రీ చూడని బండి ఆయన లెక్కలో బండి కాదు.

ఆ లారీ నేను పుట్టకముందు కొన్నది. ముందు ముక్కు పొడుచుకుని ఉండే పాత రకం. రోడ్ల మీద అలాంటివి మాయమైపోయినా నాన్న దాన్ని వదల్లేదు. రాష్ట్రం విడిపోతుందని ఊరంతా బంద్‌లు జరిగిన ఏడాది, ఆ చలికాలంలో అది నల్లగా పొగ కక్కుతూ, లోపల టకటకా కొట్టుకుంటూ ఇంటికొచ్చింది. మేస్త్రీ పళ్ళతో విని, "ఇంజన్ దించాల" అన్నాడు. మా పెరట్లోనే దించడానికి నిశ్చయమైంది.

మూడు సరుగుడు బాదులు తెచ్చి కొనలు కలిపి కట్టి, మధ్యలో చైన్ బ్లాక్ వేలాడదీశాడు. చుట్టూ ఉన్నవన్నీ రెండు రోజులు విప్పి, మూడోరోజు ఇంజన్‌ని పైకి లేపాడు. మా కొట్టు కలాసీలు ఇద్దరు గొలుసు లాగారు. ఇంజన్ గాల్లో ఉన్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదని ఆయన ఆజ్ఞ. ఆ సమయానికి వంటింట్లో కుక్కరు కూసింది. ఆయన చెయ్యెత్తి గొలుసు ఆపించి, "అమ్మా, దాన్ని కూకోమనండి" అని కేకేశాడు. మా అమ్మ పరుగున వెళ్ళి స్టవ్వు ఆర్పింది. ఇంజన్ నేల మీదకి దిగాక కుక్కరు మళ్ళీ వెలిగింది. ఆ రోజు మా ఇంట్లో పప్పు సరిగా ఉడకలేదు, ఎవరూ ఏమీ అనలేదు.

విప్పిన సామానంతా వెనక వరండాలో పాత దుప్పటి మీద పరిచాడు. ఆయన చదువుకోలేదు, కాగితం మీద ఏదీ రాసుకోడు. పరచడమే ఆయన రాత. ఇంజన్ ముందువైపు తూర్పుకి పెట్టి, ఒకటో ఇంటి నుంచి ఆరో ఇంటి దాకా వరస. ప్రతి పిస్టన్ పక్కనా దాని రాడ్డు, రాడ్డు అడుగున బిగించే ఇనపమూత, ఆ మూతకి ఏ బోల్టు ఏ పక్కదో ఆ పక్కనే. అక్కడక్కడ సుద్దముక్కతో గీతలు. చూసేవాడికి పాతసామాన్ల వాడు సంచి బోర్లించినట్టు ఉంటుంది.

రాడ్డూ మూతా గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే నేను చేసిన పని మీకు తెలీదు. రాడ్డునీ దాని మూతనీ కలిపి బిగించి, ఒక్కసారే లోపలి గుండ్రం తరుగుతారు. ఆ రెండూ జతగానే పుడతాయి. ఒకదాని మూత ఇంకోదానికి తొడిగితే చూపుకి సరిపోతుంది, బోల్టూ ఎక్కుతుంది. వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఆ తేడా రోడ్డు మీద బయటపడుతుంది. కొత్త ఇంజన్లలో జతలకి అంకెలుంటాయట. మా ఇంజన్ ఏళ్ళ తరబడి చచ్చిన లారీల సామానుతో బతికింది. దాని మీది అంకెలకి ఒకదానితో ఒకదానికి పొంతన లేదు.

విప్పిన రోజే నాన్నని పిలిచి అన్నీ చూపించాడు. "రాడ్లు బాగున్నాయి సావుకారూ. క్రాంకు గీయించి బేరింగులు మారిస్తే సాలు" అన్నాడు. నాన్న సరే అని, మర్నాడు బేరం పని మీద పర్లాకిమిడి వెళ్ళాడు. మేస్త్రీ క్రాంకుని, అంటే రాడ్లు తిప్పే ఇరుసుని, గోనెలో చుట్టి శ్రీకాకుళం లేతు షాపుకి బయల్దేరాడు. కళ్ళెదుట గీయించుకోకపోతే ఆయనకి నమ్మకం లేదు, రెండు రోజులు అక్కడే ఉంటానన్నాడు. ఆటో ఎక్కుతూ నన్ను పిలిచాడు.

"సినబాబూ, అవి కాస్త సూస్తుండు. కోడీ గీడీ తిరగనీకు."

"నేను చూసుకుంటాలే మేస్త్రీ" అన్నాను.

అది మార్గశిర మాసం. మా వైపు లక్ష్మివారం అంటే గురువారం. మార్గశిరంలో ప్రతి లక్ష్మివారం తెల్లారకుండానే ఇల్లంతా కడిగి, గడప నుంచి పెరడు దాకా పిండిముగ్గులు పెట్టి లక్ష్మీపూజ చేస్తారు. వ్యాపారస్తుల ఇళ్ళలో అయితే ఇంకాస్త ఎక్కువ. బుధవారం మధ్యాహ్నం మా అమ్మ వరండా చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"ఆ మడ్డి అలా పరుచుకునుంటే రేపు లక్ష్మి లోపలికొస్తాదేటి? తీసి ఎక్కడైనా పెట్టరా."

దుప్పటి నాలుగు చెంగులూ నలుగురం పట్టుకుని మెల్లగా షెడ్డులోకి జరిపినా సగం పాపం తప్పేది. కానీ నేను కొట్టులో పుట్టి పెరిగినవాణ్ణి. సరుకు కలగాపులగంగా కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. కందిపప్పులో పెసరపప్పు కలిస్తే విడదీయడం నాకు నడక కంటే ముందు వచ్చిన విద్య. కొట్టులోంచి ఖాళీ బిస్కట్ డబ్బాలు పన్నెండు తెచ్చాను. ఒక్కో ముక్కా కిరసనాయిల్లో ముంచి, గుడ్డతో తళతళా తుడిచాను. సుద్దగీతలు మురికనుకున్నాను, అవీ పోయాయి. పెద్ద బోల్టులు ఒక డబ్బా, చిన్న బోల్టులు ఒక డబ్బా, నట్లు ఒక డబ్బా. రాడ్లన్నీ ఒకచోట నిలబెట్టాను, మూతలన్నీ ఇంకో డబ్బాలో పేర్చాను. డబ్బాల మీద కాగితాలు అంటించి కొట్టులో రాసినట్టే గుండ్రటి అక్షరాలతో పేర్లు రాశాను. మా ఆవిడ వచ్చి చూసి "ఎంత బాగా సర్దారండీ" అంది. నిజం చెప్పాలంటే నాకు గర్వంగా ఉండింది. మేస్త్రీ చూసి మెచ్చుకుంటాడనుకున్నాను.

గురువారం పొద్దున్న ఆటోలో క్రాంకు తెచ్చాడు. నూతి దగ్గర చేతులు కడుక్కుని, ముగ్గు తొక్కకుండా పక్కనించి షెడ్డులోకి వచ్చాడు. డబ్బాల వరస చూశాడు. ఒక డబ్బా మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు. ఇంకోటి తీశాడు. రాడ్ల దగ్గర గొంతుక్కూర్చుని చాలాసేపు లేవలేదు.

"ఎవులు సర్దినారు?"

"నేనే మేస్త్రీ."

"ఏది ఎక్కడ తీసినావో గురుతున్నాదేటి?"

అప్పుడు నాకు కొంచెం తెలిసింది. లేదన్నాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేది. మొహం చేత్తో ఒకసారి తుడుచుకుని, "ఇది కొట్టు కాదు బాబూ" అన్నాడు. అంతే. తర్వాత గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు.

"సావుకారొచ్చినాడేటి?"

"సాయంత్రం వస్తారు."

"సెప్పకు. పూజ పూట ఇంట్లో గొడవెందుకు. నాను కుదిర్సుకుంటాను."

అప్పటికి నాకు ముప్ఫై రెండేళ్ళు. పెళ్ళయింది, ఒక కూతురు. చిన్నపిల్లాణ్ణి కాపాడినట్టు ఆయన నన్ను కాపాడుతుంటే, హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

నాలుగు రోజుల్లో అవ్వాల్సిన పని పదకొండు రోజులు పట్టింది. ఒక్కో మూతని ఒక్కో రాడ్డుకి తొడిగి, ఆ అతుకు మీద బొటనవేలి గోరు నడిపించేవాడు. గోరు ఎక్కడ తట్టుకుంటే అది కాదు. తీసి ఇంకోటి. ఆ గోరు అరిగి చిగురు దాకా వచ్చింది. గుడ్డపీలిక చుట్టుకుని, రెండో చేతి గోరుతో మొదలెట్టాడు. నాన్న రోజూ షెడ్డు గుమ్మం దాకా వచ్చి చూసి వెళ్ళేవాడు. మొదట ఏమీ అనలేదు. వారం దాటాక "వయసవుతోంది మేస్త్రీకి" అని భోజనం దగ్గర అమ్మతో అన్నాడు. నేను పక్కనే కూర్చుని మజ్జిగ కలుపుకుంటున్నాను.

పదో రోజుకి నాలుగు జతలు తేలాయి. రెండు తేలలేదు. ఆ రెంటినీ చేతిలో పట్టుకుని నన్ను షెడ్డులోకి పిలిచాడు.

"ఈ రెండూ నాకు తెగతన్నాయి కావు బాబూ. ఇటేస్తే ఇటే అనిపిస్తాది, అటేస్తే అటే. ఊహ మీద బిగించకూడదు. కొత్త రాడ్లు రెండు, మూతల్తో సహా, తెప్పించమని నాన్నతో సెప్పు."

"నువ్వే అడగకూడదా?"

"నానే అడుగుదును. రాడ్లు బాగున్నాయన్నావు కదా, మరెందుకూ అంటాడు. అన్నాడంటే నాకు అబద్దం రాదు. నీ పేరు బయటికొచ్చీస్తాది. నువ్వయితే ఏదో సెప్పుకుంటావు. ఏదో ఒకటి సెప్పు, రాడ్లు మట్టుకు తెప్పించు."

షెడ్డు నుంచి కొట్టు గల్లా దాకా నలభై అడుగులుంటుంది. వెళ్ళాను. నాన్న ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. తలతిప్పి "ఏటి?" అన్నాడు. రాడ్లు ఎందుకంటాడు, ఎవరు చెప్పారంటాడు, లేచి షెడ్డు లోపలికి వస్తాడు, డబ్బాల మీద నా అక్షరాలు చూస్తాడు. ఆ కాగితాలు నేను ఇంకా చింపలేదు. ఇవన్నీ ఒక్క క్షణంలో తలలో తిరిగాయి.

"ఏం లేదు. టీ తాగుతారేమోనని" అన్నాను.

వద్దన్నాడు. మళ్ళీ నలభై అడుగులు వెనక్కి నడిచాను. నడుస్తుండగానే మాట తయారైంది.

"నాన్న వద్దంటున్నారు మేస్త్రీ. ఉన్నవే బిగించమన్నారు."

"సావుకారు అలాగన్నాడా?"

"అవును."

"అలాగన్నాడా?" అని రెండోసారి అడిగాడు. రెండోసారీ అవునన్నాను. నా మొహంలోకి చూడలేదు. చేతిలో ఉన్న రెండు మూతలనే చూస్తూ ఉండిపోయాడు. మర్నాడు అవే బిగించాడు. ఇంజన్ ఎక్కించి, స్టార్ట్ చేసి, స్క్రూడ్రైవరు పళ్ళ మధ్య పెట్టుకుని ఎంతసేపు విన్నాడో. "కొన్నాళ్ళు ఉప్పు లోడెయ్యకు. కాళీ బండే మెల్లగా తోలమను" అని నాతో చెప్పి సైకిలెక్కాడు. ఆ మాట కూడా నేను నాన్నకి చెప్పలేదు. చెబితే ఎందుకంటాడు కదా.

రెండు నెలలు బాగానే నడిచింది. నేను మర్చిపోయాను కూడా. శివరాత్రి వెళ్ళిన వారానికి, నౌపడ నుంచి నిండు ఉప్పు లోడుతో వస్తుండగా ఇంజన్‌లో రాడ్డు విరిగి, ఇంజన్ గోడ పగలగొట్టుకుని బయటికొచ్చింది. డ్రైవరుకి ఏమీ కాలేదు. ఇంజన్ మట్టుకు ఇంక పనికిరాదు. లారీని తాళ్ళు కట్టి లాక్కొచ్చి కొట్టు ముందు నిలబెట్టారు. ఊళ్ళో లారీలున్నవాళ్ళు, డ్రైవర్లు పదిమంది దాకా మూగారు. మేస్త్రీకి కబురెళ్ళింది.

వచ్చాడు. ఆ రోజు చేతులు కడుక్కోలేదు. లారీ కింద మోకాళ్ళ మీద కూర్చుని, ఆ కన్నంలో చెయ్యి పెట్టి లోపల తడిమాడు. విరిగిన మూత ముక్క ఒకటి బయటికి తీశాడు. అది ఏ మూతో ఆయనకీ తెలిసింది, నాకూ తెలిసింది.

నాన్న అరవలేదు. అరిస్తే బావుండేది.

"రాడ్లు అనుమానంగా ఉంటే ఒక్కమాట నాతో అనకూడదేటి మేస్త్రీ? వద్దంటానా? ఇన్నేళ్ళలో నువ్వడిగింది ఏదైనా కాదన్నానేటి? ఒక్కమాట అడిగావా నన్ను?"

మేస్త్రీ తలెత్తి నాన్నని చూశాడు. తర్వాత మెల్లగా నా వైపు తిరిగాడు. ఆ చూపులో కోపం లేదు. చెప్పడానికి నాకు కాస్త వ్యవధి ఇస్తున్నట్టు చూశాడు. నేను లారీ టైరు కేసి చూశాను. టైరు గాడిలో ఇరుక్కున్న గులకరాయి ఒకటి ఇప్పటికీ నాకు కళ్ళకి కట్టినట్టుంది. ఎంతసేపు చూశానో అంతసేపూ ఆయన ఆగాడు.

"అడగనేదు సావుకారూ. నాదే తప్పు" అన్నాడు.

అబద్ధం రాదన్న మనిషి. నా కోసం ఒకటి నేర్చుకున్నాడు.

"నీకు చెయ్యి పోయింది మేస్త్రీ. ఇంక పానా పట్టకు" అన్నాడు నాన్న. బాధతో అన్నాడు గానీ, అన్నది పదిమందిలో. మేస్త్రీ చూశాడా అని నాన్న అడిగితే చాలనుకునే ఊరు, మేస్త్రీకి చెయ్యి పోయిందని నాన్న అంటే ఆ మాటా అంతే నమ్మింది. వారం తిరక్కుండా టెక్కలి దాకా పాకింది. తర్వాత ఏ లారీవాడూ ఆయన్ని ఇంజన్ దించమని పిలవలేదు. రెండేళ్ళలోపే నౌపడ రోడ్డు పక్కన టార్పాలిన్ కట్టుకుని పంచర్లు వేస్తున్నాడని విన్నాను. ఆ దారిన నేను వెళ్ళాల్సినప్పుడల్లా చుట్టుదారిన వెళ్ళేవాణ్ణి.

నాన్న అరుగు మీద ఒంటరిగా పేపరు చదివేవాడు. మంచాన పడ్డాక ఒకరోజు తనంతట తానే అడిగాడు.

"మేస్త్రీ ఏం చేస్తున్నాడ్రా?"

"పంచర్లు వేస్తున్నాడట."

"అంత చెయ్యి ఎలా తప్పిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు" అన్నాడు. గదిలో మేమిద్దరమే. చెయ్యి లేపి నన్ను కొట్టే ఓపిక కూడా ఆయనకి లేదు. నేను దిండు సర్ది, మందు వేళయిందని లేచాను. ఇరవై రోజులకి ఆయన పోయాడు. శ్మశానం దగ్గర జనానికి దూరంగా, సైకిలు పట్టుకుని మేస్త్రీ నిలబడి ఉండడం చూశాను. పలకరించలేదు.

నాన్న పోయిన రెండేళ్ళకి, తిత్లీ తుపాను వచ్చి వెళ్ళిన నెలకి ఆయన దగ్గరికి వెళ్ళాను. నా మోటారుసైకిలుకి పంచరైందని చెప్పుకుంటాను గానీ, కోటబొమ్మాళిలోనే నాలుగు పంచర్ షాపులున్నాయి. గాలి తగ్గిన టైరుతో అంతదూరం కావాలనే తోలాను. ఊరి చుట్టూ జీడిమామిళ్ళు, కొబ్బరిచెట్లు ఇంకా పడిపోయే ఉన్నాయి. ఆయన టార్పాలిన్ చిరిగి సగమే మిగిలింది. ముందొక నీళ్ళతొట్టి, పక్కన గాలి మిషను. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి "సినబాబేటి" అన్నాడు. అమ్మ ఎలాగున్నాదన్నాడు, పాప ఎన్నో తరగతన్నాడు. టైరు విప్పే ముందు చేతులు కడుక్కున్నాడు. పంచరుకి చేతులు కడుక్కునేవాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆయన ట్యూబు మీద పొర గీరుతుంటే నా నోట్లోంచి మాట ఊడిపడింది.

"మేస్త్రీ, ఆ రాడ్ల సంగతి నాన్నని నేను అడగలేదు. నాన్న వద్దనలేదు."

"తెలుసు" అన్నాడు తలెత్తకుండా. "అడిగావా అని ఆయన నన్నడిగినప్పుడే తెలిసిపోనాది."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"పదిమందిలో కన్నతండ్రి ముందర నిన్నెలా దించీమంటావు? నువ్వే సెప్తావనుకున్నాను. ఆయేల కాపోతే మర్నాడు. ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు సెప్పుకుంటావు, సావుకారు పిలిపిస్తాడు అనుకున్నాను. సానా దినాలు సూసినాను." కాసేపు గీరి, మళ్ళీ అడిగాడు. "పోయేలోగా ఎప్పుడైనా సెప్పినావేటి ఆయనకి?"

"లేదు."

గీరడం ఆగింది.

"ఐతే సావుకారు నన్ను సేతగానోణ్ణనుకునే ఎల్లిపోనాడు" అన్నాడు.

పంచర్లు వేసుకు బతకాల్సి వచ్చినందుకు ఆయన నన్ను ఒక్కమాట అనలేదు. ఊరు నమ్మినదాని గురించీ ఏమీ అనలేదు. ఆయనకి కావలసింది ఒక్క మనిషి నమ్మకం. దాన్ని తిరిగి ఇప్పించగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నాన్న బతికుండగా అయితే ఇప్పించగలిగేవాణ్ణి.

ఆయన అతుకు వేసి, ట్యూబు తొట్టిలో ముంచి, బుడగ రావట్లేదని రెండుసార్లు చూసి, టైరు ఎక్కించాడు. గాలి కొట్టాడు. నేను బండెక్కుతుంటే అడిగాడు.

"నాను అడిగినానని ఇంకెవులికైనా తెలుసేటి బాబూ?"

"ఎవరికీ తెలీదు మేస్త్రీ" అన్నాను.

ఆ మాట నిజం. ఆ తర్వాత పదినెలలు బతికాడు. ఆ పది నెలలూ ఎవరికీ చెప్పకుండా దాన్ని నిజంగానే ఉండనిచ్చాను.